పెద్దల చదువులో ఏం తీసెయ్యాలి, ఏం ఉంచాలి?

వేలిముద్రకు మన చరిత్రలో పెద్ద చోటే ఉంది. అప్పు కాగితమని చెప్పి అమ్మకం కాగితం మీద వేయించిన ముద్రలు, శిస్తు రశీదని చెప్పి ఇంకేదో రాసుకున్న ముద్రలు ప్రతి ఏజెన్సీ గ్రామంలోనూ ఉన్నాయి. ఆంధ్ర ప్రాంత ఏజెన్సీలో ఆదివాసుల భూములు చేతులు మారకుండా 1959లో భూబదలాయింపు నిబంధన తెచ్చారు. 1970లో దాన్ని మరింత గట్టి చేశారు. అదే మనం 1/70 అని పిలుచుకునే చట్టం. చట్టం తేవలసి వచ్చిందంటే అప్పటికే ఎంత భూమి పోయి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు ఆ వేలిముద్ర కాగితం మీదినుంచి మిషను మీదికి వచ్చింది. రేషను బియ్యానికి వేలు పెట్టాలి, బ్యాంకు మిత్ర దగ్గర ఉపాధి కూలి డబ్బులు తీసుకోవడానికి వేలు పెట్టాలి. తెర మీద ఎంత అంకె పడిందో, చీటీలో ఏం రాసుందో చదవలేని అవ్వకు నాటి సిరాకూ నేటి మిషనుకూ పెద్ద తేడా ఏముంది? పెద్దల చదువు పాతబడిన విషయమని ఎవరైనా అంటే మేము ఒప్పుకోము. జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగల అక్షరాస్యత 2001లో 37 శాతం, 2011లో 49 శాతం. పిల్లలు బడికి వచ్చారు గనుక ఈ అంకె పెరిగింది. మిగిలినవారిలో ఎక్కువమంది వాళ్ళ అమ్మలూ నాన్నలూ, అవ్వలూ తాతలూ.

పెద్దలకు చదువు నేర్పడంలో, ముఖ్యంగా కంప్యూటరుతో నేర్పడంలో, ఒక ఆలోచన నలభై ఏళ్ళుగా నడుస్తోంది. దాన్ని మినిమలిజం అంటారు. సులువుగా చెప్పాలంటే, పాఠంలో అక్కరలేనిదంతా తీసేసి, మనిషికి పనికొచ్చేది మాత్రమే ఉంచడం. మాటలో ఇది చాలా తేలిక. అయితే ఏది అక్కరలేనిదో తేల్చేది ఎవరు? ఈ చరిత్రను ఆదివాసీ టీచర్లుగా మనం ఆ ప్రశ్న పట్టుకునే చూడాలి.

గరాటు కథ

జర్మనీలో నూరెంబర్గ్ అనే పట్టణం ఉంది. 17వ శతాబ్దంలో అక్కడి హార్స్‌డోర్ఫర్ అనే కవి, కవిత్వాన్ని గరాటుతో పోసినట్టు కొద్ది గంటల్లో నేర్పుతానంటూ పుస్తకం రాశాడు. అప్పటినుంచి ‘నూరెంబర్గ్ గరాటు’ సామెతలాగా మారింది. తలలో గరాటు పెట్టి చదువు పోస్తే నిండిపోతుందని నమ్మేవాళ్ళను ఎగతాళి చేయడానికి ఆ మాట వాడతారు. మన బడుల్లోనూ ఆ గరాటు కనిపిస్తూనే ఉంటుంది.

1980ల మొదట్లో అమెరికాలో ఐబిఎం కంపెనీ పరిశోధన కేంద్రంలో జాన్ కారల్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక పని చేశారు. అప్పుడే ఆఫీసుల్లోకి వచ్చిన టైపింగు కంప్యూటర్లను ఉద్యోగులు ఎలా నేర్చుకుంటున్నారో పక్కన కూర్చుని చూశారు. కంపెనీ లావుపాటి పుస్తకాలు రాసి ఇచ్చింది. మొదట ఉపోద్ఘాతం, తర్వాత భాగాల పేర్లు, ఆపైన ఒక్కొక్క మెట్టు. కానీ ఆ ఉద్యోగులు పుస్తకం వరసగా చదవలేదు. చేతిలో ఉన్న ఉత్తరం టైపు చేయాలని నేరుగా పనిలోకి దిగారు, తమకు తెలిసిన టైపు మిషను జ్ఞానంతో కొత్తదాన్ని అర్థం చేసుకోబోయారు. ఎక్కడో తప్పు నొక్కేవారు. ఆ తప్పునుంచి ఎలా బయటపడాలో పుస్తకం చెప్పేది కాదు. వాళ్ళ సమయంలో చాలా భాగం అక్కడే పోయేది.

కారల్ ఇందులో మనుషుల తప్పేమీ లేదన్నాడు. పెద్దవాళ్ళు నేర్చుకునే పద్ధతే అది, పుస్తకమే మారాలని తేల్చాడు. ఆయన బృందం చిన్న పుస్తకం తయారుచేసింది. ఉపోద్ఘాతాలు, సారాంశాలు, పొగడ్తలు తీసేశారు. మొదటి పేజీల్లోనే నిజమైన పని పెట్టారు. ఎక్కడ తప్పు జరిగే అవకాశం ఉందో అక్కడే దాన్ని గుర్తుపట్టే దారి, దిద్దుకునే దారి రాశారు. ఈ పుస్తకంతో నేర్చుకున్నవాళ్ళకు సుమారు 40 శాతం తక్కువ సమయం పట్టింది. కంప్యూటరులో కూడా కొత్తవాళ్ళకు అక్కరలేని పనులను కొంతకాలం మూసి ఉంచారు. పిల్లల సైకిలుకు వెనక రెండు చిన్న చక్రాలు బిగించినట్టు. కారల్ 1990లో ఈ అనుభవాలన్నీ ఒక పుస్తకంగా తెచ్చి, దానికి ఆ గరాటు పేరే పెట్టాడు.

నెదర్లాండ్స్ పరిశోధకుడు హాన్స్ వాన్ డెర్ మే, కారల్ కలిసి 1995లో ఈ పద్ధతిని నాలుగు సూత్రాలుగా చెప్పారు. మన మాటల్లో అవి ఇవి: మొదటినుంచే చేతికి పని ఇవ్వాలి. ఆ పని నేర్చుకునేవారి బతుకులోంచి రావాలి. తప్పును గుర్తుపట్టి దిద్దుకోవడానికి సాయం ఉండాలి. పని చేసుకోవడానికి, అర్థం చేసుకోవడానికి, కావలసింది వెతుక్కోవడానికి వీలుగా పాఠం ఉండాలి.

ఇక్కడ ఒక మాట గమనించాలి. కారల్ పుస్తకంలో పేజీలు తీసేయగలిగాడంటే ఆ ఉద్యోగులకు ఇంగ్లీషు వచ్చు, ఉత్తరం అంటే ఏమిటో తెలుసు, టైపు మిషను చేతికి అలవాటే. పాఠంలోంచి తీసేసినది వాళ్ళ దగ్గర ముందే ఉంది. ఈ పద్ధతి గుట్టంతా ఇదే.

కంప్యూటరుకు ముందు

ఈ ఆలోచన కంప్యూటరుతోనే పుట్టలేదు. బ్రెజిల్ దేశంలో 1963లో అంజికోస్ అనే పేద పట్టణంలో పౌలో ఫ్రెయిరే సుమారు 300 మంది కూలీలకు 40 గంటల్లో చదవడం, రాయడం నేర్పే కార్యక్రమం నడిపాడు. వాచకం లేదు. ముందుగా అక్కడి జనం మాట్లాడుకునే మాటలు సేకరించి, వాళ్ళ కష్టసుఖాలతో ముడిపడిన కొద్ది మాటలనే ఎంచుకున్నారు. గోడ మీద బొమ్మ పడేలా ప్రొజెక్టరు పెట్టి, ఆ బొమ్మ గురించి మాట్లాడించి, తర్వాత మాట చూపించేవారు. ఇటుకకు వాళ్ళ భాషలో ‘తిజోలో’ అంటారు. దాన్ని తి, జో, లో అని విడగొట్టి, మన గుణింతంలాగా మిగతా అక్షరాలు పుట్టించేవారు. 1964లో సైన్యం అధికారం లాక్కుని ఫ్రెయిరేను జైలులో పెట్టింది. పెద్దలు చదువుకుంటే ఏమవుతుందో పాలకులకు తెలుసు.

మన దగ్గర ఇంకా ముందే ఒక ఉదాహరణ ఉంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము అమరుడయ్యాక, గోండుల పరిస్థితి తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్‌ను పంపింది. 1943లో మార్లవాయిలో ఆదివాసీ టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది. బయటినుంచి టీచర్లను తేకుండా గోండు యువకులనే తయారుచేశారు. మొదటి వాచకాలు గోండి భాషలో, దేవనాగరి లిపిలో వచ్చాయి. ముందు తమ మాట చదివారు, ఆ తర్వాతే అప్పటి ప్రభుత్వ భాష ఉర్దూ దగ్గరికి వెళ్ళారు. అక్కడ తగ్గించింది నేర్చుకునేవారి మీది బరువు. కొత్త లిపి ఒక్కటే నేర్చుకోవాలి గానీ కొత్త లిపి, కొత్త భాష రెండూ ఒకేసారి మోయనక్కరలేదు.

మూడోది నెల్లూరు జిల్లా. అక్కడ సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచిన రోజుల్లో, తాగుడు వల్ల ఆడవాళ్ళు పడే బాధ మీద వాచకంలో పాఠం ఉండేది. దూబగుంట ఆడవాళ్ళు ఆ పాఠం చదివి, మాట్లాడుకుని, ఊరి సారా దుకాణం మూయించారు. అది 1992 నాటికి రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా మీద నిషేధం వచ్చింది. పాఠం చిన్నదే, కానీ ఆ పాఠంలోని మాటలన్నీ వాళ్ళ ఇంట్లోవే.

బీరంగూడలో మొదలైన కంప్యూటరు పాఠం

2000 సంవత్సరంలో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ సంస్థ కంప్యూటరుతో వయోజన విద్య కార్యక్రమం ప్రారంభించింది. ఎఫ్.సి. కోహ్లీ దీనికి ముందు నిలిచాడు. మొదటి ప్రయత్నం జరిగింది మన తెలుగు నేలమీదే, అప్పటి మెదక్ జిల్లా బీరంగూడలో. మొదటి పాఠాలు తెలుగువే.

వాళ్ళు తీసేసినవి చూడండి. అ ఆ ఇ ఈలతో మొదలుపెట్టడం తీసేశారు. 56 అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు అన్నీ దాటాక గానీ మొదటి మాట దగ్గరికి చేరని పాత దారి వదిలేశారు. ఆ దారిలోనే రాత్రి బడులు చాలావరకు ఖాళీ అయ్యేవి. దాని బదులు తెర మీద బొమ్మ, దాని కింద మాట, వెంటనే గొంతు. మాటను మాటగా గుర్తుపట్టాక, దాన్ని విడగొట్టి, ఆ ముక్కలతో ఇంకో మాట. రాత కూడా పక్కన పెట్టి ముందు చదవడం మీదే నిలబడ్డారు. బాగా శిక్షణ పొందిన టీచరు అక్కరలేకుండా ఊరి మనిషి ఒకరు నడిపేలా చేశారు. ఆఫీసులు పాతవని పక్కన పడేసిన కంప్యూటర్ల మీదే పాఠం నడిచేలా రాశారు. జాతీయ సాక్షరతా మిషన్ వాచకాలనే ఆధారం చేసుకున్నారు. పగలు పనికి పోయి వచ్చినవాళ్ళు సాయంత్రం పూట ఒక కంప్యూటరు చుట్టూ కూర్చునేవారు. సుమారు 40 గంటల్లో కొన్ని వందల మాటలు, వార్తాపత్రికలో తేలిక వాక్యాలు చదివేలా చేయడం లక్ష్యం. తర్వాత ఇది హిందీ, మరాఠీ, తమిళం, బెంగాలీ లాంటి భాషల్లోకి వెళ్ళింది. విదేశాలకు కూడా వెళ్ళి, దక్షిణాఫ్రికాలో నార్తర్న్ సోతో భాషలో పాఠాలు తయారయ్యాయి.

ఈ పద్ధతి బీరంగూడ అమ్మలకు ఎందుకు సరిపోయింది? కుండ బొమ్మ చూడగానే నోట్లో ‘కుండ’ అన్న మాట వస్తుంది. నోట్లో ఉన్న మాటకు తెర మీద రూపం చూపిస్తే చాలు. మాట నేర్పే పని ప్రకృతే ముందు చేసిపెట్టింది. పాఠం తేలిక కావడానికి మూలం ఆ అమ్మల తెలుగు.

అదే పాఠం గోండు అవ్వ ముందు పెట్టండి. నీళ్ళ బొమ్మ చూసి ఆమె ‘యేర్’ అంటుంది. తెర ‘నీళ్ళు’ అంటుంది. ఇంటి బొమ్మ చూసి ‘రోన్’ అంటుంది. తెర ‘ఇల్లు’ అంటుంది. తెలుగులో ఏరు అంటే వాగు కాబట్టి ఆమె మాట సగం సరిగా, సగం తప్పుగా వినిపిస్తుంది. ఆమె ఏ తప్పూ చేయలేదు. పాఠంలోంచి తీసేసిన మెట్టు ఆమె దగ్గర లేదు, అంతే. బీరంగూడలో అక్కరలేని మెట్టు మన గూడెంలో అత్యవసరమైన మెట్టు. అది చూడకుండా “వీళ్ళకు బుర్రకెక్కదు” అనేవాళ్ళున్నారు. 50 ఆకులకు ఒక కట్ట చొప్పున రోజంతా తునికాకు కట్టి, కల్లంలో కట్టల లెక్క నోటితోనే తేల్చే మనిషికి బుర్ర లేదనడం ఎంత అన్యాయమో ఆలోచించండి.

బొమ్మ, గొంతు

బొమ్మ అందరికీ ఒకేలా అర్థమవుతుందనుకోవడం కూడా నిజం కాదు. బెంగుళూరులో మైక్రోసాఫ్ట్ పరిశోధన విభాగంలో ఇంద్రాణి మేధి, ఆమె సహచరులు 2000ల మధ్యలో, చదువురాని ఇంటిపని కార్మికులతో కలిసి అక్షరాలు లేని తెరలు తయారుచేశారు. వస్తువు బొమ్మ పెడితే అది వస్తువుగానే కనిపిస్తుంది, పనిగా కనిపించదు. కుళాయిలోంచి నీళ్ళు పడుతున్నట్టు, కెటిల్‌లోంచి ఆవిరి వస్తున్నట్టు గీస్తే అక్కడ పని జరుగుతోందని తెలుస్తుంది. ఫొటోల కంటే చేతితో గీసిన తేలిక బొమ్మలు బాగా పనిచేశాయి. ఇవన్నీ ఆ కార్మికులను అడిగి, చూపించి, మార్చి తెలుసుకున్నవే.

2010లో ఛత్తీస్‌గఢ్‌లో శుభ్రాంశు చౌదరి మొదలుపెట్టిన సీజీనెట్ స్వర ఇంకో దారి చూపింది. అందులో తెర లేదు, బొమ్మ లేదు, అక్షరం లేదు. మామూలు ఫోను చాలు. ఒక అంకె నొక్కితే మన మాట రికార్డు అవుతుంది, ఇంకో అంకె నొక్కితే ఇతరుల మాట వినవచ్చు. గోండి మాట్లాడేవాళ్ళు తమ ఊరి చేతి పంపు గురించీ, రాని కూలి గురించీ తమ గొంతుతోనే చెప్పుకున్నారు. అన్నీ తీసేసినా గొంతును, భాషను ఉంచారు. మనవాళ్ళ దగ్గర నిండుగా ఉన్నవి ఆ రెండే కదా.

గోండిని కంప్యూటరులో రాయలేమన్న మాట కూడా ఇప్పుడు చెల్లదు. 2006లో ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో వెలుగులోకి వచ్చిన రాతప్రతుల లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. మసరం గోండి లిపి అంతకు ముందు ఏడాదే చేరింది. నార్తర్న్ సోతోలో పాఠం సాధ్యమైనప్పుడు గోండిలో, కోయలో, కువిలో ఎందుకు సాధ్యం కాదు?

మనం చేయగలిగినది

2022 నుంచి 2027 వరకు 15 ఏళ్ళు దాటినవారి కోసం కేంద్ర ప్రభుత్వం కొత్త అక్షరాస్యత కార్యక్రమం పెట్టింది. దాన్ని ఉల్లాస్ అంటున్నారు. పాఠాలు ఫోనులో, కంప్యూటరులో దొరుకుతాయి, నేర్పేది స్వచ్ఛంద కార్యకర్తలు. మన గూడేల్లో ఆ కార్యకర్తలు ఇంటర్, డిగ్రీ చదివిన మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళే అవుతారు. వాళ్ళు పై చరిత్రలోంచి తీసుకోవలసినవి కొన్ని చెబుతాం.

మొదటిది, ఫోను తెరిచే ముందు అడగాలి. “అవ్వా, నువ్వు ముందు ఏం చదవాలనుకుంటున్నావు?” ఒకరు జాబ్ కార్డు అంటారు, ఒకరు బస్సు బోర్డు, ఒకరు బ్యాంకు పుస్తకం, ఒకరు పోడు పట్టాలో తన పేరు. పాఠం అక్కడినుంచే మొదలు కావాలి.

రెండోది, బొమ్మ చూపించి ముందు వాళ్ళ భాషలో పేరు చెప్పించాలి. ఆ పేరును తెలుగు లిపిలోనే రాసి చూపించినా సరే. ‘యేర్’ అన్న మాట చదివాక ‘నీళ్ళు’ దగ్గరికి రావడం కష్టం కాదు. ఫోనులో ఉన్న గొంతు అర్థం కాకపోతే, గూడెంలో మంచి గొంతున్న పెద్దమనిషితో చెప్పించి రికార్డు చేయండి.

మూడోది, ఒక పూటకు ఒకే పని. ఫోనులో మిగతావన్నీ మూసేయండి. వెనక్కి వచ్చే గుర్తు మొదటి రోజే నేర్పండి. తప్పు నొక్కితే ఏదో పాడవుతుందన్న భయం పోతేనే వేలు కదులుతుంది. డబ్బుతో, ఓటీపీతో ముడిపడిన పనులను మాత్రం విడిగా, కాగితం మీద తెర గీసి సాధన చేయించాలి. అక్కడ తప్పుకు వెనక్కి వచ్చే దారి ఉండదు.

నాలుగోది, రాతను వదిలేయకూడదు. చదవడం ముందు, రాయడం తర్వాత అన్నంతవరకు మేము ఒప్పుకుంటాం. కానీ 2006 అటవీ హక్కుల చట్టం కింద దరఖాస్తు పెట్టాలన్నా, పెసా గ్రామసభ తీర్మానం రాయాలన్నా రాత కావాలి. బస్సు బోర్డు చదవగలిగి, అర్జీ రాయలేని మనిషి ఇంకొకరి కలం మీదే ఆధారపడతాడు. చదువు నిలిచాక కనీసం పేరు, ఊరు, సర్వే నంబరు, నాలుగు వాక్యాల అర్జీ రాసేదాకా తీసుకెళ్ళాలి.

అయిదోది, మనుషుల గుంపును తీసేయకండి. ఎవరి ఫోనులో వాళ్ళు నేర్చుకోవచ్చని ఇప్పుడు చెబుతున్నారు. బీరంగూడలో ఒక కంప్యూటరు చుట్టూ చాలామంది కూర్చున్నారు. దూబగుంటలో పాఠం చదివి అందరూ మాట్లాడుకున్నారు. మన గూడెంలో గట్టు మీద కూర్చుని ఒకరు తప్పు చెబితే ఇంకొకరు నవ్వుతూ దిద్దడం ఉంది చూశారా, ఏ యాపూ ఆ పని చేయలేదు.

పాఠం తయారుచేసేవాళ్ళు హైదరాబాదులోనో ఢిల్లీలోనో ఉంటారు. వాళ్ళు ఏం తీసేశారో వాళ్ళే చెప్పరు. అది తీసేయడం మనవాళ్ళకు సాయమో నష్టమో చూడవలసింది మనం. ప్రతి పాఠం ముందు ఒక్కటి అడుగుదాం: ఇందులో లేనిది మా అవ్వ దగ్గర ముందే ఉందా? ఉంటే పాఠం బాగుంది, నేర్పుదాం. లేకపోతే ఆ మెట్టు మనమే కడదాం. అది కట్టడానికి రెండు భాషలూ, రెండు లోకాలూ తెలిసిన మనుషులు కావాలి. ఈ పుస్తకం చదువుతున్న మీరే ఆ మనుషులు.